ఏడు మాటల పంపకం

పాతబస్తీ సంఘానికి పాస్టరుగా వెళ్ళిన మొదటి కమిటీ సమావేశంలో నాకు కుర్చీ వేయలేదు. పన్నెండు మంది సభ్యులు, పన్నెండు కుర్చీలు. ప్రార్థనతో మొదలుపెట్టమన్నారు, మొదలుపెట్టాను. ఆ తర్వాత గంటన్నరసేపు నిలబడే ఉన్నాను. చివర్లో దేవదాసు అన్న తలెత్తి చూశాడు. ఆయన గౌలిపుర పాత కుటుంబాల పెద్ద, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి.

"అరే, అయ్యగారు నిలవడే ఉన్నరా? చెప్పొద్దా మరి?" అన్నాడు. అందరూ నవ్వారు.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక ప్రసాదరావు గారు నా చేతిలో కానుక కవరు పెట్టారు. ఆయన కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఇంజనీరుగా స్థిరపడినాయన. ఇంటికెళ్ళి కవరు విప్పితే లోపల మడిచిన కాగితం ఉంది. నా ప్రసంగంలోని తప్పులు ఒకటి నుంచి పదహారు దాకా వరుసగా రాసి ఉన్నాయి. చివర్లో "ప్రేమతో" అని సంతకం. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇవి చిన్న విషయాలని మీకనిపిస్తే ఈ పని మీకింకా తెలియదన్నమాట. దైవశాస్త్ర కళాశాల నుంచి ఇప్పుడే బయటికొస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చేశాను, ఏ కమిటీలో ఏ పదవి ఇచ్చారు అనేవి రాయను. నన్ను ఎవరు ఎక్కడ చిన్నబుచ్చారో మాత్రం నాకు ఒక్కటీ మరపు రాదు. అది నా బలమని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది ఎవరి మీద పడిందో చెప్పడానికే కూర్చున్నాను. పేర్లు మార్చాను.

చాయ్, కాఫీ

కళాశాలలో ప్రసంగం ఎలా కట్టాలో నేర్పుతారు. ఎవరి ఇంట్లో ఎంతసేపు కూర్చోవాలో నేర్పరు. ఈ ఉద్యోగంలో ముప్పావు వంతు ఇళ్ళకు వెళ్ళడమే.

మా సంఘంలో రెండు రకాల ఇళ్ళు ఉండేవి. గౌలిపుర గల్లీల్లో పాత కుటుంబాలు. ఆసుపత్రిలో వార్డుబాయ్‌లు, నర్సులు, డ్రైవర్లు, మునిసిపాలిటీ పనివాళ్ళు. మాటలో సగం ఉర్దూ. వెళ్ళగానే చాయ్ ఇచ్చేవాళ్ళు. కంచన్‌బాగ్ వైపు క్వార్టర్లలో కోస్తా కుటుంబాలు. అక్కడ కాఫీ, దాంతోపాటు ఏదో ఒక పిండివంట. ఒకచోట భోంచేస్తే సాయంత్రానికల్లా రెండోచోట తెలిసిపోయేది.

"అయ్యగారు ఆడ గారెలు తిన్నరట. మా చాయ్ గూడ తాగరా ఇగ?" అని దేవదాసు అన్న భార్య గుమ్మంలోనే అడిగేది. నేను మళ్ళీ తాగేవాణ్ణి. ఆ ఏళ్ళలో నా కడుపు పాడయింది ప్రార్థనల వల్ల కాదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ రెండు గుంపులూ మొదట గుంపులు కావు. ప్రసాదరావు గారి భార్య నాతో అన్నారు, ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది పక్కింటివాళ్ళ మాట అర్థంకాక ఏడ్చేదాన్నని. బుధవారం సాయంత్రాలు ఐదు కుటుంబాలు ఒక గదిలో కూర్చుని తమ ఊరి రాగంలో పాటలు పాడుకుంటే ప్రాణం లేచొచ్చేదట. అందులో తప్పేముంది? గౌలిపురవాళ్ళదీ అంతే. చర్చి గోడలకు వాళ్ళ తాతలు రాళ్ళు మోశారు. బస్తీలో కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా ఎవరో ఒకరు సందుల్లోంచి వచ్చి తలుపు తీసి, ప్రార్థన చేసి వెళ్ళారు. "ఒక్క ఐతారం గూడ తాళం వడలే" అని దేవదాసు అన్న చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఆ ప్రేమ నిజమే.

ఎక్కడ చెడిందో కూడా చూశాను. కొత్త మొహం కనబడితే "మీ పేరేంటి?" అనడానికి ముందు "మీరు ఎటువైపు?" అని అడగడం మొదలైంది. బుధవారం కూడికకు పోటీగా గురువారం కూడిక వచ్చింది. ఒక గాయక బృందం రెండయింది. "మన సంఘం" అనే మాట పోయి "మనోళ్ళు", "మావాళ్ళు" వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాను. ఏమీ అనలేదు. రెండువైపులా నన్ను అవమానించినవాళ్ళే కదా, కొట్టుకోనీ అనే సంతోషం లోపల ఎక్కడో ఉండేది. అది ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నా పైన ఉన్న పెద్ద పాస్టరు గారు సంఘాలను చక్కబెట్టడంలో పేరున్న మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంటే కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు: "రెండు పక్కలా సమానంగా పెట్టవయ్యా. ఎవడూ నోరెత్తడు. నీ సర్వీసు హాయిగా గడిచిపోతుంది." నా జీవితంలో విన్న సలహాల్లో ఇంత బాగా పనిచేసినదీ, ఇంత చెడ్డదీ ఇంకొకటి లేదు.

కరుణమ్మ

గల్లీ చివర రెండు గదుల ఇంట్లో కరుణమ్మ కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. గాయక బృందం తెల్ల గౌన్లు, నా అంగీలు అన్నీ ఆమె చేతివే. ఎవరికి జబ్బు చేసినా నాకంటే ముందు ఆమెకు తెలిసేది. ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి మంచం పక్కన స్టూలు మీద ఆమె కూర్చుని ఉండేది.

పుట్టింది గౌలిపురలోనే. చేసుకున్నది కోస్తా మనిషిని. భర్త సామ్యేలు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటవాడు. దాంతో గౌలిపురవాళ్ళు ఆమెను "ఆంధ్రాయన పెండ్లాం" అనేవాళ్ళు. క్వార్టర్లవాళ్ళు "ఆవిడ లోకలండీ" అనేవాళ్ళు. ఆమె ఇద్దరికీ గౌన్లు కుట్టేది.

సామ్యేలుకు కిడ్నీలు పాడయ్యాయి. డాక్టర్లు నీళ్ళు కట్టడి చేశారు. రోజంతటికీ ఒక చిన్న గ్లాసు, అంతే. ఎండాకాలం. చివరి రోజు ఆసుపత్రిలో ప్రార్థన చేయడానికి వెళ్ళాను. ఆ మనిషి మాట పోయి పెదవులతోనే "నీళ్ళు" అంటున్నాడు. ఆ రోజు గ్లాసు అప్పటికే అయిపోయింది. కరుణమ్మ దూది తడిపి పెదవులకు అద్దుతోంది. అతను దూదిని పళ్ళతో పట్టుకున్నాడు. ఆమె వదిలించి మళ్ళీ తడిపింది. సాయంత్రానికి పోయాడు.

సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆమె నా దగ్గరికి వచ్చింది. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. అందులో ఐదోది దాహం గురించిన మాట.

"అయ్యగారూ, ఐదో మాట ఒక్కపారి నాకియ్యండి," అంది కరుణమ్మ. "ఆయన నీళ్ళడిగిండు, నేనియ్యలే. డాక్టరు మాటిన్న. గా మాట మనసుల వెట్టుకొని నాకు నిద్ర వడ్తలేదు. సంఘం ముంగట నిలవడి జెప్పుకోవాలె."

"ఇస్తనమ్మా. వచ్చే గుడ్ ఫ్రైడేకు ఐదో మాట నీదే," అన్నాను.

అంతకుముందు ఒకరిద్దరు స్త్రీలు ఆ ఏడు మాటల్లో మాట్లాడి ఉన్నారు, కాబట్టి అందులో చిక్కేమీ లేదు. పైగా ఐదో మాట ఎవరికీ అక్కర్లేనిది. మొదటి మాటకు పోటీ, ఎందుకంటే జనం ఇంకా మెలకువగా ఉంటారు. ఐదో మాట వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటి, ఉపవాసాలతో నీరసపడి, సగం మంది కునుకుతుంటారు.

మూడు, మూడు, ఒకటి

మరుసటి ఏడాది గుడ్ ఫ్రైడే మాటల పంపకానికి కమిటీ కూర్చుంది. అప్పటికి నాకు కుర్చీ వేస్తున్నారు.

"మావోళ్ళకు నాలుగు మాటలు గావాలె," అన్నాడు దేవదాసు అన్న. "గోడలు మా తాతలు లేపిన్రు."

"గోడలు మాట్లాడవు కదా అన్నగారూ," అన్నారు ప్రసాదరావు గారు నవ్వుతూ. "మాట్లాడేది మనుషులు. కిందటేడు మావాళ్ళు ఎంత బాగా చెప్పారో అందరూ విన్నారు. మాకు నాలుగు ఇవ్వండి."

"విన్నం, విన్నం. ముప్పై నిమిషాలు జెప్పిండు మీ అల్లుడు. ముసలోళ్ళు సొమ్మసిల్లి వడ్డరు."

"మీ తమ్ముడు నాలుగు నిమిషాల్లో ముగించాడుగా. చదివిన వచనమే మూడుసార్లు చదివి."

ఎవరో వెనక నుంచి, "ఏడును సగం జేస్తే మూడున్నర. ఆ అర మాట ఎవలు జెప్తరు భాయ్?" అన్నారు. ఆ నవ్వులో నేను కలం తీశాను. పెద్ద పాస్టరు గారి సలహా గుర్తుంది. "చెరి మూడు. ఒకటి నేను చెప్తాను," అన్నాను. ఒక్క నిమిషంలో లొల్లి ఆగిపోయింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"ఐదో మాట కరుణమ్మకు మాటిచ్చిన," అన్నాను తర్వాత. "ఎవరి మూడులో వెట్టుమంటరు?"

దేవదాసు అన్న మర్యాదగానే చెప్పాడు. "మంచి మనిషే అయ్యగారు. గని ఆంధ్ర సంబంధం గదా. ఆళ్ళ మూడుల వెట్టుమనుండ్రి."

ప్రసాదరావు గారూ మర్యాదగానే చెప్పారు. "సామ్యేలు ఉన్నన్నాళ్ళూ సరేనండి. ఇప్పుడావిడ లోకలే కదా. వాళ్ళ మూడులో పెట్టమనండి."

ఆ ఏడాదంతా ఆ రెండువైపులవాళ్ళూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

నా చేతిలో నా మాట ఒకటి ఉంది. దాన్ని ఆమెకు ఇచ్చి ఉండవచ్చు. ఐదో మాట ఎవరి వాటాలో పడినా వెనక్కి తీసుకుని, నాకు దక్కిన ఏడోదాన్ని వాళ్ళకిచ్చి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. అది నాకు తోచకపోలేదు. తోచింది. తోచి కూడా ఏడో మాట ఎదురుగా నా పేరు రాసుకున్నాను.

ఎందుకు రాసుకున్నానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల ముందు క్రిస్మస్ ప్రేమవిందులో వడ్డించడానికి అటు పదిమంది, ఇటు పదిమంది వలంటీర్లను నేను స్వయంగా లెక్కపెట్టి నిలబెడుతున్నాను. కరుణమ్మ అన్నం గంపతో వెళ్తూ ఆగి, అందరూ వినేట్టు అంది: "ఆళ్ళు లెక్కవెడ్తున్రంటే ఒక తీరు. అయ్యగారూ, మీరు గూడ లెక్కవెట్టుడు షురూ జేస్తిరా?" పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఉండిపోయింది. నాకు కుర్చీ వేయని మనిషికి మూడు మాటలిచ్చాను. నా తప్పులు పదహారు లెక్కగట్టిన మనిషికి మూడు మాటలిచ్చాను. వాళ్ళకు బలగం ఉంది, వాళ్ళతో నాకు భయం. వెనక ఎవరూ లేని మనిషి దగ్గర బాకీ తీర్చుకున్నాను.

జాబితా బోర్డు మీద అంటించిన మర్నాడు కరుణమ్మ నా అంగీ ఇస్త్రీ చేసి తెచ్చింది.

"బోర్డు మీద నా పేరు లేదు అయ్యగారూ."

"ఈ యేడు లొల్లి మస్తు అయిందమ్మా. వచ్చే యేడు చూద్దాం."

"వచ్చే యేటికి నేను ఎవలదిక్కు ఉన్ననని రాస్తరు?"

"గట్ల మాట్లాడకు కరుణమ్మా."

ఆమె అంగీ మడత చెడకుండా కుర్చీ చేతి మీద వేసి వెళ్ళిపోయింది.

రెండు బల్లలు

గుడ్ ఫ్రైడే మూడు గంటలకు ఆరాధన ముగిశాక మా ఆవరణలో మజ్జిగతో ఉపవాసం విడుస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ మజ్జిగ కరుణమ్మ చేసేది. గౌలిపురలో పాలవాళ్ళ ఇంటి నుంచి తెల్లారేసరికి పెరుగు తెచ్చి, అల్లం, కరివేపాకు దంచి వేసి, రెండు పెద్ద కుండల్లో చిలికి, చింతచెట్టు కింద బల్ల మీద పెట్టేది. సంఘమంతా ఆ ఒక్క బల్ల దగ్గర మూగేది. తోసుకునేది కూడా.

ఆ ఏడాది చెట్టుకు అటు ఒక బల్ల, ఇటు ఒక బల్ల వచ్చాయి. క్వార్టర్లవాళ్ళు స్టీలు డ్రమ్ముల్లో ఐసు వేసి తెచ్చారు. గౌలిపురవాళ్ళు మట్టికుండలతో దేవదాసు అన్న కోడళ్ళను నిలబెట్టారు. ఈసారి నువ్వు చెయ్యమని కరుణమ్మను రెండువైపులా ఎవరూ అడగలేదు. అవతలివాళ్ళు అడిగి ఉంటారని ప్రతి పక్షమూ అనుకుంది.

లోపల ఐదో మాట ప్రసాదరావు గారి అల్లుడు చెప్పాడు. మనిషి ఒంట్లో నీరు ఎంత శాతం ఉంటుందో చెప్పాడు. భూగర్భజలాల గురించి చెప్పాడు. కరుణమ్మ స్త్రీల వైపు చివరి బెంచీలో తలొంచుకుని కూర్చుంది. ఆ తర్వాత నేను ఏడో మాట చెప్పాను. బాగా చెప్పానని రెండువైపులా అన్నారు.

అంగీ మార్చుకుంటూ వెనక గది కిటికీలోంచి ఆవరణ చూశాను. ఎవరివాళ్ళు వాళ్ళ బల్ల వైపు నడుస్తున్నారు. ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. కరుణమ్మ మెట్లు దిగి రెండు బల్లల మధ్య నిలబడింది. ముందు రోజు రాత్రి నుంచి నోట్లో చుక్క నీళ్ళు లేని మనిషి. అటువాళ్ళు చూశారు, ఇటు వెళ్తుందనుకున్నారు. ఇటువాళ్ళూ అదే అనుకున్నారు. నిజంగా ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ఒకరైనా "ఇటు రా అక్కా" అనలేదు. ఆమె కొంగు సర్దుకుని, మధ్యలోంచే నడిచి, గేటు దాటి, ఎండలోకి వెళ్ళిపోయింది.

నా దగ్గరికి రెండు బల్లల నుంచీ రెండు గ్లాసులు వచ్చాయి. ఎవరూ నొచ్చుకోకుండా రెండూ తాగాను.

ఆ తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. నెల తర్వాత ఇంటికి వెళ్తే కాళ్ళనొప్పులంది. కాళ్ళనొప్పులతో ఆమె రోజంతా మిషను తొక్కుతోందని నాకు కనబడుతూనే ఉంది. అయినా నమ్మినట్టే తలూపి వచ్చేశాను. తర్వాత ఎక్కడో రేకుల షెడ్డులో నడిచే చిన్న మందిరానికి వెళ్తోందని విన్నాను. కమిటీలో ఎవరూ ఆమె సంగతి ఎత్తలేదు. ఆమె రాకపోవడం వల్ల ఏ పక్షానికీ ఒక మనిషి తగ్గలేదు.

మీకు చెప్పేది

నేను రిటైరైనప్పుడు రెండు వీడ్కోలు సభలు చేశారు. రెండింట్లోనూ నా ఇంటిపేరు తప్పు చదివారు. అది కూడా గుర్తుంది. ఏం చేయను, నా స్వభావం అది.

మీరు వెళ్ళే సంఘంలోనూ పక్షాలుంటాయి. ఊరి పేరుతోనో, ఇంకా పైకి చెప్పని వాటి పేరుతోనో. వాటిని మీరు పుట్టించరు, మీ ఒక్కరి వల్ల పోవు కూడా. సమానంగా పంచితే న్యాయం చేసినట్టేనని మీ పైవాళ్ళు చెబుతారు. నేను పంచిన రోజు నుంచే మా సంఘంలో ఆ రెండు పక్షాలకు బోర్డు మీద చోటు దొరికింది. అంతవరకు అవి నోటిమాటలే. సంతకం పెట్టి ఖాయం చేసింది నేను.

ఏ పంపకమైనా చేసేముందు, అందులో ఎవరి లెక్కలోకీ రాని మనిషి ఎవరని చూసుకోండి. ప్రతి సంఘంలో ఒకరైనా ఉంటారు. తరచుగా అందరి పనీ చేసిపెట్టేది వాళ్ళే. ఆ మనిషి ఎప్పుడో మీ ముఖం మీదే ఒక నిజం చెప్పి ఉంటే మరీ జాగ్రత్త. మీ కలం అక్కడే వంకర పోతుంది.

ఈ శ్రమదినాల్లో

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకు పది రోజుల ముందు కరుణమ్మ ఇంటికి వెళ్ళాను. మిషను అదే, కళ్ళద్దాలు కొత్తవి. కుర్చీ వేసింది. అడగకుండానే నీళ్ళు తెచ్చింది. పెద్ద చెంబు నిండా.

"తప్పు జేసిన కరుణమ్మా. ఆ మాట నీదే ఉండె," అన్నాను.

"ఎప్పటిదో గదా అయ్యగారూ. ఇప్పుడెందుకు?"

"నువ్వు ఏం చెప్పాలనుకున్నవో నాకు చెప్పు. నేను వింట."

ఆమె సూది కింద గుడ్డను ఒకసారి జరిపింది.

"సంఘం ముంగట జెప్పుకునేది అయ్యగారూ. మీ ఒక్కరికి జెప్తే ఏమైతది? మీరు ఆనాడు ఆసుపత్రిల ఉన్నరు. మీకు తెల్సిందే గదా."

నేను చెంబు ఎత్తి నీళ్ళు తాగాను. లేవబోతుంటే ఆమే అడిగింది.

"ఇప్పుడు గుడ్ ఫ్రైడే నాడు మజ్జిగ ఒక్కతాననే పోస్తున్రా?"

"లేదమ్మా. రెండుతాననే."

ఆమె తలూపింది. దారం పళ్ళతో తెంపి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.